పోస్టుమార్టం ఎందుకు ఆలస్యమవుతుందంటే

శవపరీక్షలు చేసే ఫోరెన్సిక్ డాక్టర్ల పని గురించి మీ పత్రికలో వ్యాసం రాసినందుకు సంతోషం. కానీ అందులో ‘శవపరీక్ష కావాలనే సాగదీస్తారు’ అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. నేను ఈ విభాగంలోనే పనిచేస్తున్నాను. పోలీసుల పంచనామా, శవపరీక్ష చేయమని వాళ్లిచ్చే లేఖ (రిక్విజిషన్) చేతికి అందనిదే మేం కత్తి పట్టకూడదు. పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోయిన అమ్మాయి అయితే తహసీల్దారో ఆర్డీఓనో వచ్చి పంచనామా చేయాలి. శవపరీక్ష రాత్రిపూట చేయడానికి కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది గానీ హత్య, ఆత్మహత్య కేసులకు మామూలుగా అది వర్తించదు.

లోపల కూడా తొందరపడితే కుదరదు. గొంతు నులిమారన్న అనుమానం ఉంటే ముందు తల, ఛాతీ తెరిచి, అక్కడి రక్తం పోయాకే మెడ కోస్తాం. లేదంటే కారిన నెత్తురే గాయంలా కనిపించి దారి తప్పిస్తుంది. విషం కేసులో కడుపు, కాలేయం ముక్క, రెండు కిడ్నీల్లో చెరి సగం తీసి, చిక్కటి ఉప్పునీటి సీసాల్లో పెట్టి సీలు వేస్తాం. శరీర భాగాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రావణంలో వేశామా, ల్యాబులో విషం దొరకడం కష్టం. ఆ రిపోర్టు వచ్చేదాకా తుది అభిప్రాయం రాయలేం.

బయట ఏడుస్తూ నిలబడ్డ తల్లిదండ్రులకు ఇదంతా చెప్పే మనిషే ఉండడు, నన్ను బాధపెట్టేది అదే. ప్రతి మార్చురీ దగ్గరా ఒక కౌన్సెలర్‌ని పెట్టమని కూడా దయచేసి రాయండి.