ఫిజిక్సు చదువుతానన్న పిల్లకు మనమిచ్చే సలహా

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం లోపల తాడిపత్రి నుంచో ధర్మవరం నుంచో నాకు ఏటా ఒక ఫోను వస్తుంది. ఈసారి చేసింది మా చిన్నాయన కూతురు. ఆమె బిడ్డకు ఎం.పి.సి.లో మంచి మార్కులే వచ్చాయి గానీ, ఇంజనీరింగు తన వల్ల కాదని, చదివితే ఫిజిక్సో మ్యాథ్సో చదువుతానని ఆ పిల్ల పట్టుబట్టి కూర్చుందట. "అన్నా, నువ్వన్నా దానికి నచ్చజెప్పు, వినకుంటే డిగ్రీకే అమెరికాకు పిలిపించుకో, చేను అమ్మయినా పంపిస్తాం" అని మా చెల్లెలు అన్నది. నచ్చజెప్పడానికి నేను ఒప్పుకోలేదు. చేను అమ్మడానికి అంతకన్నా ఒప్పుకోలేదు. ఇక్కడి మన సంఘంలో చాలామందికి ఇలాంటి ఫోన్లు వస్తుంటాయని తెలుసు కాబట్టి, ఎందుకు ఒప్పుకోలేదో ఇక్కడ రాస్తున్నాను.

ఫిజిక్సు, గణితం చదవడానికి సొంత డబ్బు పోసి అమెరికాకు రావలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఇక్కడి విశ్వవిద్యాలయాలు ఈ రెండు శాస్త్రాల్లో పీహెచ్‌డీకి తీసుకున్న విద్యార్థికి చాలావరకు ట్యూషన్ మాఫీ చేసి, మొదటి ఏడాది పిల్లలకు ప్రయోగశాలలోనో ట్యుటోరియల్ తరగతిలోనో పాఠం చెప్పించుకుని, అందుకు నెలనెలా జీతం ఇస్తాయి. నేను వచ్చింది ఆ దారినే. అదే డిగ్రీకి వస్తే లెక్క తలకిందులవుతుంది. ఏడాదికి ట్యూషనే 60 వేల డాలర్లు దాటిన ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఎన్నో ఉన్నాయి. విదేశీ విద్యార్థి స్తోమతతో నిమిత్తం లేకుండా సీటిచ్చి, అవసరమైనంత సాయం చేసే హార్వర్డ్, ఎం.ఐ.టి., ప్రిన్స్‌టన్, యేల్ వంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో సీటు వస్తే నిస్సందేహంగా రావచ్చు, రాకపోతే చేను జోలికి పోనక్కర్లేదు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ వసూలు చేయవు కాబట్టి ఎమ్మెస్సీ దశలో ఆ దేశాన్ని కూడా చూడవచ్చు, అయితే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మన వంటి దేశాల వారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది.

అంటే ఏ కాలేజీ అయినా ఒకటేనని నేను అనడం లేదు, ఆ మాట అనే హక్కు నాకు అసలే లేదు. నేను బీఎస్సీ చదివింది అనంతపురం జిల్లాలోని ఒక కాలేజీలో. మంచి అయ్యవార్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు గానీ, ప్రయోగశాల ఏడాదికి ఒకసారి, పరీక్షల ముందు, దుమ్ము దులపడానికి తెరిచేవారు. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగానికి మా రికార్డులో 980 అని వేసి, సీనియర్ల పట్టికను గీతలతో సహా దించుకున్నాము. వాళ్లు వాళ్ల సీనియర్ల దగ్గర దించుకున్నారు. తరువాత ఎమ్మెస్సీకి వేరే ఊరు వెళ్లినప్పుడు మొదటి ల్యాబులోనే ఒక అయ్యవారు నా కాగితం చూసి, "ఇందులో దోషం ఎంత?" అని అడిగారు. దోషమేమీ లేదండీ, సరిగ్గానే చేశానని చెప్పాను. కొలతలో ఎంత అనిశ్చితి ఉందో అంచనా వేసి ఆ సంఖ్య పక్కనే రాయాలని అప్పటివరకు నాకు ఎవరూ చెప్పలేదు. అనంతపురం అక్షాంశాన్ని, ఎత్తును లెక్కలోకి తీసుకుంటే అక్కడి విలువ సెకను వర్గానికి సుమారు 978.3 సెంటీమీటర్లు ఉంటుంది. 980 పైచిలుకు విలువ 45 డిగ్రీల అక్షాంశానిది. మేము మూడేళ్లు అనంతపురంలో కూర్చుని ఏ ఫ్రాన్సు దేశపు గురుత్వాకర్షణనో రాసుకున్నామన్నమాట.

అందుకే విశ్వవిద్యాలయాన్ని ర్యాంకు చూసి కాక, రెండో ఏడాది పిల్లవాడు అక్కడ వారానికి ఏం చేస్తాడో చూసి ఎంచుకోవాలంటాను. గణితానికి కావలసినవి బోర్డు, వారం వారం చేయవలసిన లెక్కల కాగితం, దాన్ని దిద్ది ఎర్ర సిరాతో తిరిగిచ్చే అయ్యవారు, రాత్రి పదింటికి హాస్టలు వరండాలో అదే లెక్క మీద వాదులాడే నలుగురు సావాసగాళ్లు. ఫిజిక్సుకు ఇవన్నీ కావాలి, వీటితోపాటు నిజంగా తెరిచి ఉండే ప్రయోగశాల కావాలి. ఇవి ఉన్న చోట్లు మన సీమకు దూరమేమీ కాదు. అనంతపురం నుంచి బెంగళూరు బస్సులో నాలుగు గంటల దారి. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.మ్యాథ్ అనే గణితం డిగ్రీ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కూడా 2011 నుంచి డిగ్రీ పిల్లలను తీసుకుంటోంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితాన్ని కంప్యూటర్ సైన్సుతో గానీ ఫిజిక్సుతో గానీ కలిపి చదవవచ్చు. తిరుపతిలో 2015లో వచ్చిన ఐసర్ (సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థ) కడప వాళ్లకు పొరుగూరే.

చిక్కల్లా ప్రవేశ పరీక్షల దగ్గర ఉంది. మన పిల్లలకు రెండేళ్లూ నేర్పేది ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్టుకో జేఈఈకో పనికొచ్చే వేగం, నాలుగింటిలో ఒకటి గుర్తించే ఒడుపు. చెన్నై, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షల్లో కొన్ని ప్రశ్నలకు ఎందుకు అవుతుందో నిరూపించి రాయాలి, ఆ రాత మన ఇంటర్ కాలేజీల్లో దాదాపు లేదు. ఐసర్ల పరీక్షలో మరో మెలిక ఉంది. అందులోని 60 ప్రశ్నల్లో 15 జీవశాస్త్రానివి. పదో తరగతితోనే ఆ పుస్తకం మూసేసిన ఎం.పి.సి. విద్యార్థికి ఆ సంగతి మార్చిలో తెలిస్తే చేయగలిగింది తక్కువ, ఇంటర్ మొదటి ఏడాదిలోనే తెలిస్తే కప్పగా చేపగా ఏదో ఒకలా ఈదగలడు.

ఈ చోట్ల సీటు రాని పిల్లల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది వాళ్లే. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం పాఠాలు చెప్పిన అనంతపురం ఆర్ట్స్ కాలేజీ నుంచి, 1972 నాటి కర్నూలు సిల్వర్ జూబిలీ కాలేజీ నుంచి, ఫీజు తీసుకోని పుట్టపర్తి విద్యాసంస్థ దాకా మన జిల్లాల్లో డిగ్రీ చదవడానికి చోటుకు కొదవ లేదు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి ఒకటే మేజర్, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు, అన్న పద్ధతి తెచ్చారు. మూడు సబ్జెక్టులూ సమానంగా చదివిన మా కాలపు ఎం.పి.సి. దాంతో పోయింది. ప్రయోగశాల అంతంతమాత్రంగా ఉన్న కాలేజీలో చేరవలసి వస్తే గణితం మేజరుగా, ఫిజిక్సు మైనరుగా (పక్కన చదివే రెండో సబ్జెక్టుగా) తీసుకోవడమే మేలని నా ఉద్దేశం, ఎందుకంటే ఇంటి దగ్గర కూర్చుని లెక్కలు చేసుకోవచ్చు గానీ ప్రయోగాలకు వాడే సోడియం దీపాన్ని ఇంటికి తెచ్చుకోలేము. ఆ తరువాత జామ్ పరీక్ష రాసి ఐ.ఐ.టి.లో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు, కాకపోతే ఏ సబ్జెక్టు ఎన్ని సెమిస్టర్లు చదివి ఉండాలన్న నిబంధనను మైనరు ఎంచుకోక ముందే చూసుకోవాలి.

మొదటి డిగ్రీ ఎక్కడ చదివామన్నది చివరి మాట కాదనడానికి మనవాడొకాయన కథే ఉంది. సి.ఆర్.రావు 1920లో హడగలిలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో మన దత్తమండలాల్లోని (రాయలసీమకు పాత పేరు) బళ్లారి జిల్లాది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే ముగించి, ఉద్యోగం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ కలిసిన ఒకాయన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్పగా వెళ్లి చూసి, 1941లో అందులో చేరారు. ఇరవై ఒకటో ఏట ఆయన చేరిన చోటు ఆయనను ప్రపంచంలోనే పెద్ద గణాంక శాస్త్రవేత్తల్లో ఒకరిని చేసింది. ఆయన చేతిలో అప్పుడున్నవి ఎమ్మే పట్టా, రైలు టికెట్టు.

టికెట్టు మాట వచ్చింది కాబట్టి సంఘానికి ఒక విన్నపం. మన ఉపకార వేతనానికి దరఖాస్తు చేయాలంటే ఇంజనీరింగులోనో వైద్యంలోనో సీటు వచ్చి ఉండాలని నిబంధన పెట్టుకున్నాము. అది రాసిన కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి తప్పు ఎవరి మీదా తోయను. వచ్చే కార్యవర్గ సమావేశంలో బీఎస్సీ పిల్లలను కూడా చేర్చాలని, ఆ నిధిలో కొంత భాగం కర్నూలు, అనంతపురం, కడప పిల్లల ప్రవేశ పరీక్షల ఫీజుకు, పరీక్ష కేంద్రం దాకా బస్సు ఖర్చుకు పక్కన పెట్టాలని ప్రతిపాదిస్తాను. మా చెల్లెలి బిడ్డకు ఆ డబ్బు అక్కర్లేదు. చేను అమ్మే పని తప్పింది కాబట్టి ఆ పిల్ల ఒక ఏడాది ఆగి పరీక్షలు రాస్తానంటోంది, ప్రస్తుతానికి పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకుంది.