డీసీబీ రిజిస్టర్‌లో మూడో గడి గారికి

మహారాజశ్రీ బ్యాలెన్స్ గడి గారికి,

ఇంటి నంబరు ఉండి ఇల్లు లేని ఒకడు నమస్కరించి రాయునది. మేము ఇక్కడ క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, ఏటా ఒళ్లు చేస్తూనే ఉన్నారు.

మున్సిపాలిటీ పన్నుల లెక్క రాసే ఈ డీసీబీ రిజిస్టర్‌లో మొదటి గడి డిమాండ్, అంటే రావాల్సింది. రెండోది కలెక్షన్, వచ్చింది. మూడోది తమరు, బ్యాలెన్స్, అంటే ఇంకా రానిది. మార్చి 31 రాత్రి దాకా తమరిని కాస్త తగ్గించాలని బిల్ కలెక్టర్లు చెప్పులరిగేలా తిరుగుతారు. తెల్లారి ఏప్రిల్ 1న తమరు పాత బకాయి అని పేరు మార్చుకుని దర్జాగా మొదటి గడిలో కూర్చుంటారు.

మా తాత పుణ్యమా అని మనకు పరిచయమైంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన పెంకుటిల్లు మొత్తం పోయింది. వంటిల్లు ఉన్న చోట ఇప్పుడు ఇసుక లారీలు పోతున్నాయి. పన్ను నోటీసు మాత్రం తాత పేరు మీద, ఆ పెంకుటింటికి, ఏటా వస్తూనే ఉంది. తాతకు మేం నువ్వులూ నీళ్లూ వదిలి పదకొండేళ్లయింది. ఆయన బాకీకి నీళ్లొదలడం మాత్రం మున్సిపాలిటీకి చేతకావడం లేదు.

బిల్ కలెక్టర్‌ని అడిగాను. "ఇల్లు లేదని నాకూ ఎరుకే సార్, రోజూ గా రోడ్డు మీదికెళ్లే వస్త. కొట్టేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలె కద" అన్నాడు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. వసూలు చేయకపోతే మీటింగులో నాలుగు చీవాట్లు, అంతే. అదే రాని బాకీని రిజిస్టర్‌లోంచి కొట్టేస్తే, ఆడిట్ వాళ్లొచ్చి ఎందుకు కొట్టేశావు, ఎంత ముట్టింది అని అడుగుతారు. అందుకే కూలిన ఇళ్లు, ఒకే ఇంటికి పొరపాటున పడ్డ రెండు నంబర్లు, ఎప్పుడో మూతబడ్డ కొట్లు, అన్నీ తమరి చల్లని నీడలో బతికే ఉన్నాయి. పైగా బడ్జెట్ వేసేటప్పుడు ఈ గోడకేసిన సున్నమంతా రాబోయే ఆదాయం కింద కనిపిస్తుంది!

తమరి ఇంట్లో పెద్ద మనుషులూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణమే మినహాయింపు ఇచ్చింది కాబట్టి వాళ్ల గొడవ లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల సంగతే తమాషా. అక్కడి బకాయి కూడా బకాయే, కానీ కిరాణా కొట్టు షట్టర్‌కి అంటినంత సులువుగా ఎర్ర నోటీసు ఆ గేట్లకు అంటదు. జిగురు తేడా అనుకుంటా.

ఇక తమరికి నచ్చిన పండగ ఓటీఎస్. వన్ టైమ్ స్కీమ్, అంటే ఒక్కసారే అని అర్థం. తెలంగాణలో ఆ ఒక్కసారి 2020లో వచ్చింది, 2022లో వచ్చింది, 2024లో, 2025లో కూడా వచ్చింది. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, ఓటీఎస్‌లో అందులో 90 శాతం మాఫీ. లెక్క వేశాను. ఒక ఏడాది పన్ను 10,000 ఐదేళ్లు కట్టకుండా ఉంచితే వడ్డీ 12,000. మాఫీ పోగా కట్టే వడ్డీ 1,200. ఏడాదికి 240 రూపాయలు! ఇంత చవగ్గా అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. ఏప్రిల్‌లోనే పరిగెత్తుకెళ్లి కట్టిన మా అమ్మకు ఎర్లీ బర్డ్ అని 5 శాతం, అంటే 500 తగ్గించారు. ఆ 10,000 ఎఫ్‌డీలో వేసి ఓటీఎస్ కోసం కూర్చున్న పక్కింటి ఆయన, అమ్మను చూసి జాలిపడ్డాడు.

తాత బాకీ కూడా ఓటీఎస్‌లో తెంపేద్దామని మొన్న కౌంటర్‌కి వెళ్లాను. వడ్డీలో 90 శాతం పోతుందట, లేని ఇంటికి అసలు మాత్రం కట్టాలట. పోనీ, పీడా వదులుతుంది కదా అని జేబులో చెయ్యి పెడుతూ అడిగాను, ఇక నోటీసు రాదు కదా అని.

"ఎందుకు రాదు సార్? ఇల్లు రికార్డుల ఉన్నది కద."

ఇట్లు,
తమరి పాత బకాయిదారు మనవడు