పళ్ల ఆస్పత్రికి మేడ అద్దెకిచ్చినవాడి విన్నపం

దంతవైద్యం మీద మాట్లాడే అర్హత నాకెక్కడిదని ఎవరైనా అడగొచ్చు. బీడీఎస్ చదువు హౌస్ సర్జన్సీతో కలిపి అయిదేళ్లు. అనంతపురంలో మా ఇంటి మేడను ఒక పళ్ల డాక్టరమ్మకు అద్దెకిచ్చి మూడేళ్లయింది. ఆమె పైన ప్రాక్టీసు చేస్తుంటే నేను కింద వరండాలో కుర్చీ వేసుకుని, ఎక్కేవాళ్ల బుగ్గలూ దిగేవాళ్ల బుగ్గలూ చూస్తున్నాను. ఆ లెక్కన నేను థర్డ్ ఇయర్ పాసైనట్టే. ఆ హోదాలోనే ఈ నాలుగు ముక్కలు.

మా డాక్టరమ్మకు పని వచ్చు, వ్యాపారం రాదు. ఈ సంగతి బోర్డు రాయించిన రోజే తెలిసిపోయింది. పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు, వేళలు. అంతే. "మల్టీ స్పెషాలిటీ అని పెట్టించమ్మా" అన్నాను. "ఉండేది నేనొక్కదాన్నే కదా అంకుల్" అంది. మా వీధి మొదట్లో రెండు బెంచీల టీకొట్టు పేరు ఇంటర్నేషనల్. అక్కడ టీ తాగి ఇంతవరకూ ఏ దేశంవాడూ ఫిర్యాదు చేయలేదు.

తర్వాత కంప్రెసర్. పంటి కుర్చీ మెట్లెక్కిన రోజు ఆరుగురు మనుషులు మోస్తుంటే ఊరేగింపులా ఉంది, సంతోషించాను. దాని వెనకాలే వచ్చిన ఈ డబ్బాను మాత్రం మెట్ల కింద, సరిగ్గా నేను మధ్యాహ్నం నిద్రపోయే గోడకు అవతల పెట్టించింది. అదేంటని అడిగితే, పళ్లు అరగదీసే ఎయిరోటర్ కరెంటుతో కాదు, గాలితో తిరుగుతుందట. ఆ గాలి ఈ డబ్బాలోంచి పైకి పోవాలి. ఎయిరోటర్ తలలో ఉండే బుల్లి చక్రం నిమిషానికి మూడు లక్షల చుట్లకు పైగా తిరుగుతుందని చెప్పింది. మా హాల్లో ఫ్యాను మూడు వందలు తిరిగితే వచ్చినవాళ్లు "గాలి బాగుంది" అంటారు. అంత వేగంలో పన్ను వేడెక్కి లోపలి నరం దెబ్బతినకుండా పక్కనుంచి నీళ్లు చిమ్ముతుండాలి. నీళ్లంటే మన అనంతపురం బోరు నీళ్లు పనికిరావు, ఉప్పు పేరుకుని సన్నటి పైపులు మూసుకుపోతాయి. కాబట్టి క్యాన్లు కొంటుంది. ఇంటి ఓనరు బోరు ఉచితంగా ఇస్తానన్నా వద్దన్న మనిషిని వ్యాపారస్తురాలని ఎలా అనగలం?

ఇంకో ఖర్చు చూడండి. ఆమె దగ్గర ఒక కుక్కర్ ఉంది. ఆటోక్లేవ్ అంటారు. మా ఇంట్లో కుక్కరు మూడు కూతలేస్తే కందిపప్పు ఉడుకుతుంది. ఈ కుక్కర్లో 121 డిగ్రీల వేడిలో, పదిహేను పౌండ్ల ఒత్తిడిలో, పదిహేను ఇరవై నిమిషాలు ఉడికేది ఇనుప సామాను. ఒక పేషెంటుకు వాడిన అద్దం, కొక్కెం, పట్టకారు, ఎయిరోటర్ తలతో సహా అన్నీ కడిగి, కవర్లలో పెట్టి సీలు వేసి అందులో ఉడికిస్తారు. కవరు మీద చిన్న గీత ఉంటుంది. ఆవిరి సరిగ్గా తగిలితే దాని రంగు మారుతుంది. మారకపోతే మళ్లీ మొదటినుంచి. రోజుకు నాలుగు వాయిలు. ఈ మూడేళ్లలో "ఇది ఉడికించారా మేడమ్?" అని అడిగినవాడు ఒక్కడు లేడు. "ఏసీ పని చేస్తుందా?" అని అడగనివాడూ లేడు.

అందుకే ఒక ఆలోచన చెప్పాను. కుక్కరును లోపలి గదిలో కుక్కిపెట్టకుండా రిసెప్షన్లో అద్దాల పెట్టెలో, రంగు లైట్లు వేసి పెట్టమన్నాను. పోనీ అది వద్దనుకుంటే చేపల తొట్టె పెట్టమన్నాను. తొట్టె ఖరీదు కుక్కరు కంటే ఎంతో తక్కువ, నమ్మకం ఎంతో ఎక్కువ. చేపలు నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి కాబట్టి పేషెంట్లకు ప్రాక్టీసు కూడా అవుతుంది. నవ్వి ఊరుకుంది. నా ఆలోచనలకు ఆమె ఇచ్చే ఫీజు అదే.

రేట్ల విషయానికొస్తే మన జిల్లావాళ్ల మనస్తత్వం తెలిసి ఉండాలి. మొన్న ఒక రైతన్న రూట్ కెనాల్ రేటు విని మెట్ల మీదే కూలబడ్డాడు. "ఒక్క పన్నుకా సామీ? ఇంత సందులోకి ఏం పెడతారని?" అని నన్నే నిలదీశాడు. మాటల్లో తెలిసింది, ఆయన పోయిన ఎండాకాలం మూడు బోర్లు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే పాయింటాయన, కాయ లేచి నిలబడిన చోట గీత గీశాడు. రిగ్గు లారీ వచ్చింది. అడుగుకింత, కేసింగు పైపు వేరే. ఏడు వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. మూడింటికీ అణా పైసలతో కట్టాడు. బేరం ఆడలేదు. నీళ్లు పడకపోతే రిగ్గువాడి తప్పు కాదు, మన రాత.

పన్ను సంగతి చూడండి. కింది దవడ పన్ను వేళ్లలో నరం ఉండే సన్నటి సందులే కెనాళ్లు, మన భాషలో బోర్లు. సాధారణంగా మూడు, ఒక్కోసారి నాలుగు. లోతు రెండు సెంటీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. అందులో దిగి శుభ్రం చేసే సూదిలాంటి ఆకురాయిని ఫైలు అంటారు, మొదటి ఫైలు కొన మందం మిల్లీమీటరులో పదో వంతు. వేరు కొన ఎక్కడుందో కనుక్కోవడానికి పెదవికి ఒక కొక్కెం తగిలించి, ఫైలును మిషనుకు కలుపుతారు. కొన దగ్గరికి రాగానే అది బీప్ మంటుంది. అపెక్స్ లొకేటర్ అని పేరు. కొబ్బరికాయలా లేచి నిలబడదు కాబట్టి రైతన్నకు దాని మీద గురి కుదరలేదు.

నేను డాక్టరమ్మకు గట్టిగా చెప్పాను. పన్నుకింత అని చెప్పడమే నీ తప్పు, అడుగుకింత అని చెప్పు. మూడు కెనాళ్లు, ఒక్కోటి ఇరవై మిల్లీమీటర్లు, మొత్తం అరవై మిల్లీమీటర్ల డ్రిల్లింగు, కేసింగు అంటే పన్ను మీద తొడిగే క్యాపు, అది వేరే. పాయింటు చూసినందుకు ఎక్స్‌రే చార్జీ. మన అనంతపురంవాడు ఈ భాషలో చెబితే మారుమాట లేకుండా కడతాడు. "రైతు పన్ను నిలబడితే మళ్లీ రాడు కదంకుల్, బోరు ఎండిపోతే మళ్లీ వేయిస్తాడు" అంది. ఆ మాటలో వ్యాపార సూత్రం ఉందని ఆమెకే తెలియదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఎనిమిది క్యాపుల కేసు. కరెంటు మీటరు చూసే నెపంతో పైకి వెళ్లినప్పుడు నా కళ్లముందే జరిగింది. పల్లె నుంచి తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయి నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. మన నీళ్లు వేసిన ముద్ర. ఇదేం కొత్త జబ్బు కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట రాసిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో చూసి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు మించిన నీళ్లు చిన్నప్పుడు, చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో తాగితే ఈ మరకలు పడతాయి. తర్వాత ఎంత వేపపుల్ల నమిలినా పోవు. 1990లలో సత్యసాయి ట్రస్టు పైపులు వేసి జిల్లాలో వందల పల్లెలకు తాగునీళ్లు ఇచ్చింది. అందరూ దాన్ని మెచ్చుకున్నారు. పళ్ల ఆస్పత్రుల కోణంలో ఎంత నష్టమో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

తల్లి కొంగున కట్టిన డబ్బు మూట విప్పుతూ, "నెలలో పెళ్లిచూపులు మేడమ్. ముందర కనపడే ఎనిమిదింటికీ తెల్ల క్యాపులు ఏసేయండి" అంది.

డాక్టరమ్మ అద్దం పెట్టి చాలాసేపు చూసింది. "పళ్లు గట్టిగా ఉన్నాయమ్మా. క్యాపు వేయాలంటే మంచి పన్నును చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర చెక్కేయాలి. చెక్కింది మళ్లీ మొలవదు. పైపొర కొంచెం రుద్ది, బ్లీచింగ్ చేసి చూద్దాం. మొత్తం పోకపోవచ్చు, తగ్గుతుంది."

"డబ్బులు తెచ్చుకున్నాం మేడమ్" అంది తల్లి, తమని పేదవాళ్లనుకుంటున్నారేమోనని.

"ఉంచుకోండి. పెళ్లికి కావాలి కదా."

నేను మీటరు ముందు నిలబడి చేతివేళ్ల మీద ఎనిమిది క్యాపులను అద్దెలోకి మార్చాను. ఎన్ని నెలలొచ్చిందో ఇక్కడ రాస్తే నా బీపీ పెరుగుతుంది. ఆ అమ్మాయి మూడు సిట్టింగులకు వచ్చింది. మూడోసారి మెట్లు దిగుతూ నన్ను చూసి నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. నవ్వులతో కుర్చీ ఈఎంఐ కడతారా?

ఈఎంఐ అంటే గుర్తొచ్చింది. అయిదో తారీకున కుర్చీ కంతు, అదే రోజున నా అద్దె. బాగా నడిచే చోట అయిదో తారీకు దగ్గరపడేకొద్దీ ఊళ్లో పళ్లు ఎక్కువగా పుచ్చుతాయని విన్నాను. ఇది ప్రకృతి ధర్మం, చంద్రుడికీ సముద్రానికీ ఉన్నలాంటిది. మా మేడ మీద మాత్రం ఒకటో తారీకున ఎన్ని పుచ్చు పళ్లో నాలుగో తారీకునా అన్నే. ఒకసారి లేజర్ మిషను అమ్మే అబ్బాయి వచ్చాడు. టై కట్టుకుని, పాపం చెమటలు కారుతూ. "నెలకు ఇరవై కేసులు చేస్తే ఈఎంఐ దానంతటదే ఎల్లిపోతుంది మేడమ్" అన్నాడు. "నా దగ్గర లేజర్ అవసరమయ్యేవాళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో" అంది. "మిషన్ ఉంటే అవసరం వస్తుంది మేడమ్" అన్నాడు. ఎంత పెద్ద మాట! అబ్బాయికి టీ ఇప్పించాను. ఆమె మాత్రం అదే నెలలో ఉన్న కుక్కరుకు తోడుగా ఇంకో కుక్కరు కొంది. నా కరెంటు మీటరు ఇప్పుడు ఎయిరోటర్‌తో పోటీ పడుతోంది.

ఇన్ని రాసి నా పన్ను సంగతి దాచడం న్యాయం కాదు. ఎడమవైపు కింది దవడ పన్ను, మూడు వారాలుగా లవంగంతో నెట్టుకొస్తున్నాను. చివరికి ఒక రాత్రి లవంగం ఓడిపోయింది. పొద్దున్నే పైకెళ్లి "పీకేయమ్మా, పోరు పోతుంది" అన్నాను. పీకడం చవక. పైగా ఓనరుకు డిస్కౌంటు ఉంటుందని లోలోపల లెక్క. ఎక్స్‌రే తీసి, "బతుకుతుంది అంకుల్" అంది. రేటు చెప్పింది. అందరికీ చెప్పేదే. వచ్చే నెల అద్దె పెంపు మాట ఎత్తుదామనుకున్నాను గానీ కుర్చీ అప్పటికే వెనక్కి వాలిపోయింది. వెల్లకిలా పడుకున్న మనిషికి బేరమాడే అధికారం ఉండదని అప్పుడే తెలిసింది.

పన్ను చుట్టూ పచ్చ రబ్బరు షీటు బిగిస్తానంది. ఉమ్మి లోపలికి పోకుండా, ఫైలు జారి గొంతులో పడకుండా. 1864 నుంచీ ఉన్న ఉపాయమట. అది బిగిస్తే మాట్లాడటానికి ఉండదు, ఏమైనా చెప్పాలంటే ఇప్పుడే చెప్పండి అంది. చెప్పి, సీలు వేసిన కవరు నా ముఖం ముందుకు తెచ్చి, అంచు పట్టుకుని చింపింది. లోపల అద్దం, పట్టకారు మెరుస్తున్నాయి. కవరు మీది గీత నల్లబడి ఉంది. "చూడండి అంకుల్, రంగు మారింది" అని నా మాట కోసం చూసింది.

"ఏసీ కొంచెం పెంచమ్మా" అన్నాను.