మారతహళ్లిలో మయసభ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అమ్మి చూడమని ఎందుకు అనలేదో నాకు ఇన్నాళ్లకు అర్థమైంది. వారి కాలంలో ఇల్లు అమ్ముకోవడమంటే చితికిపోవడమే కనుక ఎవరూ దాన్ని సరదాకు చేసి చూడమని చెప్పి ఉండరు. బెంగళూరులో సంగతి వేరు. ఇక్కడ ఇల్లు అమ్మేవాడు చితికినవాడు కాడు. ఊరి చివరి విల్లాకో, విదేశంలో ఉన్న కొడుకు దగ్గరికో బయలుదేరినవాడు. అటువంటివాడి సౌకర్యార్థం హోమ్ స్టేజింగ్ అనే శాస్త్రం ఒకటి ఈ ఊరికి చేరింది. అమ్మకానికి పెట్టిన ఇంటిని, చూడవచ్చినవారి కళ్లు చెదిరేలా, అయితే చెదిరిన సంగతి వారికే తెలియకుండా, అలంకరించి నిలబెట్టడం దాని పని. ఇంటికి ఉండగల లోపాలన్నిటిలోకీ పెద్దది అందులో మనుషులు కాపురం ఉండడం అన్నది ఆ శాస్త్రానికి మూలసూత్రం. నేను ఈ సూత్రాన్ని మొదట అపార్థం చేసుకుని ఆరు నెలలు నష్టపోయాను కనుక, తక్కినవారైనా బాగుపడాలని నా అనుభవాన్ని ఇక్కడ నివేదిస్తున్నాను.

మారతహళ్లిలో మా ఫ్లాటును 2008లో కొన్నాం. మూడు పడకగదులు, 1,380 చదరపు అడుగులు. ఆ అంకెలో లిఫ్టులోనూ, మెట్లలోనూ, వాచ్‌మన్ కుర్చీ వేసుకునే జాగాలోనూ మా వాటా కలిసి ఉందనీ, మా నాలుగు గోడల మధ్య మిగిలేది వెయ్యికి అటూ ఇటూ మాత్రమేననీ అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. 2016లో బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం వచ్చి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి జాగా, ఏమిటో నిర్వచించేదాకా, మెట్ల మీద కూడా మేము కాపురం ఉంటున్నామనే నమ్మి బతికాం. ఇటువంటి ఇంటిని ఆరు నెలల పాటు ఇరవై మందికి పైగా వచ్చి చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. చివరికి మా బ్రోకరు, కోలారు వైపు మనిషి, మొహమాటం పక్కనపెట్టి నిజం చెప్పాడు. "ఇల్లు బాగుండాది సామీ. కానీ ఇల్లు మాదిరే ఉండాది. అట్లుంటే ఎవరు కొంటారు?"

అతని సలహా మీద హోమ్ స్టేజింగ్ చేసే ఒక అమ్మాయి వచ్చింది. మూడు వారాలకు ఇంత అని మాట్లాడుకున్నాం; ఆ 'ఇంత' ఎంతో మా ఆవిడకు నేటికీ పూర్తిగా తెలియదు. ఆ అమ్మాయి హాలు మధ్యలో నిలబడి, నాలుగు వైపులా చూసి, ఎంతో సున్నితంగా, రోగికి జబ్బు పేరు చెప్పే డాక్టరులా అంది. "అంకుల్, ఇక్కడ ఎవరో ఉంటున్నట్టు తెలిసిపోతోంది."

"మేమేనమ్మా ఉంటున్నది" అన్నాను.

"అదే మార్చాలి అంకుల్."

మార్పు మొదలైంది. పెళ్లినాటి ఫొటో, అబ్బాయి డిగ్రీ పట్టా, తితిదే కాలెండరుతో సహా అయిదు కాలెండర్లు, స్టీలు బీరువా, ప్లాస్టిక్ స్టూళ్లు, ఆవకాయ జాడీ, అన్నీ అటక మీదికో ఫ్రెండు గారేజీకో తరలిపోయాయి. సోఫా మాసిపోకుండా మేము కప్పి ఉంచిన దుప్పటిని తీసేసరికి దాని అసలు రంగు ఆకుపచ్చ అని తెలిసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. అయినా దాన్నీ పంపించేసి బూడిదరంగు సోఫా ఒకటి అద్దెకు తెచ్చింది. వెనక బాల్కనీలో పైకప్పుకు వేలాడే బట్టల తాడునూ, దాని రెండు కప్పీలనూ విప్పించింది. దిష్టికని గుమ్మానికి కట్టిన ఒక్క నిమ్మకాయను మూఢనమ్మకమని తీయించి, హాల్లో గాజు గిన్నెలో పన్నెండు నిమ్మకాయలు పేర్పించింది. వాటిని పిండకూడదట. "గుమ్మానికి కడితే దిష్టి పోయేది, ఉప్పులో వేస్తే ఊరగాయ అయ్యేది, ఇవి దేనికి?" అని మా ఆవిడ అడిగింది. తాజాదనానికి అని ఆ అమ్మాయి చెప్పింది. మొదటి వారంలోనే రెండు ఎండిపోగా, కొత్తవి కొని తెచ్చే బాధ్యత నా మీద పడింది.

పడకగది ద్వారబంధం దగ్గర మాత్రం పని కాసేపు ఆగింది. అక్కడ మా అబ్బాయి ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు ఉన్నాయి, 2009 నుంచి పదో తరగతి దాకా, ప్రతి పుట్టినరోజుకూ ఒకటి. ఒకచోట మాత్రం ఒకే తేదీకి అంగుళంన్నర తేడాతో రెండు గీతలు ఉంటాయి, పైది అడ్డంగా కొట్టేసి. వాడు మడమలెత్తి నిలబడ్డాడని వాళ్ళమ్మ కనిపెట్టి, నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్లీ కొలిచిన ఏడాది అది. పెయింటరు కుర్రవాడు బ్రష్షు పట్టుకుని నా వైపు చూశాడు. ఒకరి బిడ్డ అయిదడుగుల తొమ్మిది అంగుళాలు ఎదగడం ఇంకొకరికి కొనదగిన విషయం కాదన్న వాదనలో నాకు తప్పేమీ కనిపించలేదు. కుర్రవాడు రెండు పూతలు వేశాడు. ఆ రంగును ఆఫ్ వైట్ అంటారు.

ఈ విద్య అమెరికాలో పుట్టిందనీ, 1970ల్లో వాషింగ్టన్ రాష్ట్రంలో బార్బ్ ష్వార్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంటు దీనికి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చిందనీ చెబుతారు. పేరు ఆమె పెట్టి ఉండవచ్చు గానీ పని మాత్రం మనది. ఇంద్రప్రస్థంలో మయుడు పద్నాలుగు నెలలు కష్టపడి కట్టిన సభలో దుర్యోధనుడు నేలను చూసి నీళ్లనుకుని బట్టలు పైకి పట్టుకున్నాడు, నీళ్లను చూసి నేల అనుకుని అందులో పడ్డాడు. అంతటి పనితనం ఈ రోజుల్లో ఎక్కడుందని నిట్టూర్చేవారు ఒకసారి బెంగళూరు రావాలి. మెజెస్టిక్‌లో బస్సు ఎక్కేవారు ఒకప్పటి ధర్మాంబుధి చెరువులో నిలబడుతున్నారు. కంఠీరవ స్టేడియంలో పరుగెత్తేవారు ఒకప్పటి సంపంగి చెరువులో పరుగెత్తుతున్నారు. నీళ్లను నేలగా చూపించడంలో ఈ ఊరు మయుణ్ణి ఏనాడో దాటేసింది. 2022 సెప్టెంబరులో కొన్ని చోట్ల నీళ్లకు తమ పాత చిరునామా గుర్తుకు రాగా, కోట్ల విల్లాల్లోని వారు ట్రాక్టర్లెక్కి బయటికి రావలసి వచ్చింది. దుర్యోధనుడికి కనీసం మార్చుకోవడానికి పొడిబట్టలు ఇచ్చారు.

అంత గొప్ప సంప్రదాయం ముందు మా ఇంటికి జరిగిన అలంకారం చాలా స్వల్పమని ఒప్పుకోవాలి. కిటికీకి ఎదురుగా నిలువుటద్దం పెడితే హాలు రెండింతలైంది. పరదాలను కిటికీ పైనుంచి కాక పైకప్పు నుంచే వేలాడదీస్తే గోడ ఎత్తు పెరిగింది. తెల్ల ట్యూబ్‌లైట్లు పోయి, పసుపుపచ్చటి వెలుగునిచ్చే 3,000 కెల్విన్ల దీపాలు వచ్చాయి. వాటి కింద మా ఆవిడా నేనూ పదేళ్లు చిన్నగా కనిపించాం గానీ పేపరు చదవడానికి వీలు లేకపోయింది. చిన్న పడకగదిలోకి మామూలు కొలతకంటే పొట్టి మంచం వచ్చింది. బిల్డర్ల శాంపిల్ ఫ్లాట్లలో గది పెద్దదిగా కనిపించేందుకు వేసే రకం అది; దాని మీద ఆరడుగుల మనిషి పడుకుంటే మోకాళ్ల కింది భాగానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి. తర్వాత ఫొటోగ్రాఫరు వచ్చి వైడ్ యాంగిల్ లెన్సుతో తీసిన బొమ్మల్లో మా బాత్‌రూము కల్యాణమండపంలా కనిపించింది. అద్దె సామానులో చివరిగా ఒక బుద్ధుడి తల వచ్చింది. మెడ వరకే ఉన్న ఆ మహానుభావుణ్ణి అద్దం పక్కన గాజుబల్ల మీద కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారనడం కూడా సరికాదేమో.

ఇక ధర్మశాస్త్రం. పెద్ద పడకగదికీ బాత్‌రూముకీ మధ్య గోడ మీద, ఆస్ట్రేలియా ఆకారంలో ఒక చెమ్మ మరక ఉంది. ఎన్నిసార్లు రంగు వేయించినా వానలకు పెచ్చులు లేచి అదే ఖండం మళ్లీ వెలుస్తుంది. ఆ అమ్మాయి దాని మీద మూడడుగుల పటం ఒకటి తగిలించింది. నాకు మనసు ఒప్పక, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తిరగేశాను. కొనేవాడు సాధారణ జాగ్రత్త తీసుకున్నా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉండి, అది అమ్మేవాడికి తెలిసి ఉంటే, చెప్పి తీరాలని 55వ సెక్షను అంటోంది. అంటే సాధారణ జాగ్రత్తతో కనిపెట్టగలిగినదాన్ని చెప్పనక్కరలేదు. పటం ఎత్తి చూడడం సాధారణ జాగ్రత్తా, అసాధారణ జాగ్రత్తా? రెండు రాత్రులు ఆ పచ్చటి దీపాల కింద ఈ ప్రశ్నతోనే గడిపాను. మోడల్ ఫ్లాటులో చూపించినది అబద్ధమై కొన్నవాడు నష్టపోతే పరిహారం ఇవ్వాలని రెరా చట్టం 12వ సెక్షను చెబుతుంది గానీ, అది బిల్డర్లను ఉద్దేశించినదే తప్ప నాబోటి చిల్లర మయుళ్లను ఉద్దేశించినది కాదని తెలిసి కొంత ఊరట కలిగింది.

నీటికి మాత్రం ఏ అలంకారమూ పనిచేయదు. 2024 మార్చిలో బోర్లు ఎండి ట్యాంకర్ల వెంట పరుగెత్తిన ఊరు కనుక, ఇక్కడ ఇల్లు చూడవచ్చినవారు బుద్ధుడికంటే ముందు కుళాయి దగ్గరికి వెళతారు. కావేరి కనెక్షనా, బోరా, ట్యాంకరా అని అడుగుతారు. ఆ వెంటనే, నగరపాలక రికార్డుల్లో ఆస్తి సక్రమంగా ఉన్న ఏ ఖాతానా, లొసుగులున్న బీ ఖాతానా, కంప్యూటరుకెక్కిన ఈ-ఖాతా తీశారా అని అడుగుతారు. ఈ రెండు పరీక్షల్లోనూ మేము నిజాయితీగానే గట్టెక్కాం.

మూడు వారాల పాటు మా ఇంట్లో మేము ఎలా బతికామో చెప్పడం కష్టం. పోపు పెట్టకూడదు, ఎండుచేపల ఊసెత్తకూడదు. బాత్‌రూములో మడతపెట్టిన మూడు తెల్ల తువ్వాళ్లు ఉంటాయి, వాటితో ఒళ్లు తుడుచుకోకూడదు. బూడిదరంగు సోఫాలో కూర్చుంటే దిండ్లకు గుంట పడుతుంది కనుక కూర్చోకూడదు. వంటగదిలో ఒక మూల పేపరు పరచుకుని భోంచేశాం. ఆదివారాలు చూడటానికి జనం వచ్చే వేళకు పది నిమిషాల ముందు ఫిల్టరు కాఫీ దించి, ఆ వాసన ఇల్లంతా పట్టాక, కాఫీ తాగకుండానే ఇల్లు వదిలి, సెల్లార్‌లో కారు అద్దాలు ఎత్తుకుని దొంగల్లా కూర్చునేవాళ్లం. ఇల్లుగలవారు కనబడితే బేరం చెడుతుందట.

మూడో ఆదివారం కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక జంట, వెంట అబ్బాయి తల్లి. పావుగంటకల్లా బ్రోకరు ఫోను చేశాడు. "సామీ, పెద్దామె మీ ఇంటామెను పిలవమంటా ఉండాది. మీరు లేకుంటే మాట్లాడేది లేదంట."

మేము పైకి వెళ్లేసరికి ఆ అబ్బాయి గాజుబల్ల ముందు నిలబడి పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వుతున్నాడు. "పోయిన ఆదివారం ఈయన్ని హొరమావులో చూశాం సార్. అంతకు ముందు వారం కేఆర్ పురంలో. ఈ సోఫా కూడా అక్కడిదే" అన్నాడు. కోడలు నిమ్మకాయలు లెక్కపెట్టి, హొరమావులో పది మాత్రమే ఉన్నాయని చెప్పింది. నేను శాస్త్ర గౌరవం నిలబెట్టడానికి ఏదో అనబోయేంతలో పడకగదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "ఇంత మంచి గోడకు ఇంత కింద పటమేందిరా?" అంటూ ఆమె రెండు చేతులతో పటాన్ని ఎత్తి కిందపెట్టింది. సాధారణ జాగ్రత్త అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది.

ఆస్ట్రేలియాను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. "మా ఇంట్లోనూ ఉండాది" అని, వెనక బాల్కనీలోకి వెళ్లి పైకప్పు వంక చూసి, మా ఆవిడను అడిగింది. "అమ్మా, బట్టలు యాడ ఆరేస్తారు?"

మా ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. మూడు వారాల్లో ఆమెను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. తాడు చూపించడానికని అటక తలుపు తెరిచింది. ముందు స్టూళ్లు, తర్వాత కాలెండర్లు, ఆ వెనక కప్పీలతో సహా తాడు, అన్నీ ఒకదాని మీద ఒకటి జారిపడ్డాయి. ఆవకాయ జాడీని కోడలు సకాలంలో పట్టుకుంది. పెద్దావిడ ఒక ప్లాస్టిక్ స్టూలు లాక్కుని హమ్మయ్యా అని కూర్చుంది. వచ్చినప్పటి నుంచీ ఆ సోఫాలో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదట. అప్పుడు కాఫీ నిజంగానే కలిపి ఇచ్చాం. ఎండ ఏ వేళకు ఎటు వస్తుందో, పనిమనిషి ఎన్నింటికి వస్తుందో, పై ఇంటివాళ్లు రాత్రిళ్లు ఏం దంచుతారో ఆడవాళ్లు ముగ్గురూ గంటసేపు మాట్లాడుకున్నారు.

చెమ్మ పేరు చెప్పి రెండు లక్షలు తగ్గించుకుని, టోకెన్ అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. అగ్రిమెంటులో వదిలి వెళ్లవలసిన వస్తువుల జాబితాలో, గీజర్ల కింద, 'బట్టల తాడు, రెండు కప్పీలు సహా' అని పెద్దావిడ పట్టుబట్టి రాయించింది. సోమవారం పొద్దున్న చిన్న ట్రక్కు వచ్చి బూడిదరంగు సోఫానూ, పొట్టి మంచాన్నీ, బుద్ధుణ్ణీ ఎక్కించుకుని కసవనహళ్లి వైపు వెళ్లిపోయింది. అక్కడ ఎవరిదో మూడు పడకగదుల ఫ్లాటు, బాల్కనీలోంచి చెరువు కనబడుతుందని ప్రకటనలో ఉందట. చెరువుకు ఆ బాల్కనీ ఎంత దగ్గరగా కనబడుతుందో ప్రకటనలో లేదు.