ఉద్వాసన పొందిన క్యాలిపర్ గారికి

నల్లగొండ

మహారాజశ్రీ ముందు ఎడమ చక్రపు బ్రేకు క్యాలిపర్ గారికి (ప్రస్తుత నివాసం: మా వసారాలో గోనెసంచి),

విషయం: 2007 మోడల్ కారు – బ్రేకు వదలకుండా చక్రాన్ని పట్టి ఉంచారన్న అభియోగం – విధించిన శిక్షల ఉపసంహరణ గురించి.

అయ్యా,

తహశీలు కార్యాలయంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, ఊరందరికీ సంజాయిషీ నోటీసులు టైపు చేసిన చేతితోనే ఈ ఉత్తరం రాస్తున్నాను కనుక ఇందులో కొంత కచేరీ వాసన తగిలితే మన్నించగలరు. పద్నాలుగు నెలలపాటు మీ దగ్గరి నుంచి వచ్చిన మాడు వాసన కంటే అది ఘోరమైనదేమీ కాదు.

పెడలు తొక్కితే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు ప్యాడ్ల మధ్య నొక్కి పట్టడం, కాలు తీయగానే వదలడం మీ ఉద్యోగం. మీ మీద వచ్చిన అభియోగాలు చిన్నవి కావు. క్లాక్ టవర్ దగ్గర బుద్ధిమంతురాలిలా బయలుదేరిన బండి చెరువుగట్టు దాటేసరికి ఎడమకు లాగేది; నార్కట్‌పల్లిలో చాయ్ కోసం ఆపి చూస్తే కుడి చక్రం గోరువెచ్చగానూ, ఎడమ చక్రం అరచెయ్యి ఆనించలేనంత వేడిగానూ ఉండేవి. లీటరుకు 17 కిలోమీటర్లు నడిచే బండి 13కు దిగింది. డిస్కు మీద నీలిరంగు మరకలు పడ్డాయి. ఇన్ని సాక్ష్యాలు మీ గుమ్మంలోనే దొరికాక ఇంకెవరిని విచారించాలి? కాలుతున్నది మీరే కనుక కాల్చినదీ మీరేనని తీర్మానించాం.

మొదటి శిక్షగా ప్యాడ్లు మార్పించాను. రెండోసారి, ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్లను నెట్టే మీ పిస్టన్‌ను బయటికి లాగించి, రబ్బరు సీళ్ల కిట్టు వేయించి, మీరు జారే పిన్నులకు కొత్త గ్రీజు పెట్టించాను. పిన్నులు తుప్పు పట్టలేదనీ, పిస్టన్ మీద గీత కూడా లేదనీ మెకానిక్ అప్పుడే చెప్పాడు. నేను దాన్ని ఫైలులో నమోదు చేయలేదు. మూడోసారి ఏకంగా మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించి, కొత్త క్యాలిపర్‌ను నియమించాను. ఐదు వారాలు తిరక్కుండా ఆ కొత్తవారు కూడా చెరువుగట్టు దగ్గరే మాడటం మొదలుపెట్టినప్పుడు, సంచిలో ఉన్న మీరు నవ్వుకున్నారో లేదో నాకు తెలియదు గానీ, నవ్వే హక్కు మీకుంది.

ఇన్నాళ్లూ అసలు చిక్కు ఎక్కడంటే, బండిని షెడ్డుకు తీసుకుపోయేది మరునాడు పొద్దున. రాత్రంతా చల్లబడిన చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పితే బొంగరంలా తిరిగేది. మెకానిక్ నా ముఖం చూసేవాడు, నేను మీ ముఖం చూసేవాణ్ణి. చివరికి నార్కట్‌పల్లిలో పంక్చరు షెడ్డు పక్కన కూర్చునే ఒక ముసలి ఉస్తాదు, నా కథ సగం విని, “సల్లబడ్డంక సూస్తే ఏం దొరుకుతది సార్, యేడి మీదనే జాకెయ్యాలె” అన్నాడు.

వేడి మీదే జాకీ వేశాడు. నన్ను పెడలు నాలుగుసార్లు తొక్కి వదలమన్నాడు. చక్రం ఇద్దరం కలిసి తిప్పినా కదలలేదు. అప్పుడాయన చిన్న పానాతో, మీ ఒంటి మీదున్న, గాలి తీసే నిపిల్‌ను పావు వంతు వదులు చేశాడు. డికాషన్ రంగు బ్రేక్ ఆయిల్ ఒక్కసారి చిమ్మింది, చక్రం ఒక్క వేలికి తిరిగింది. పిస్టన్ తుప్పుతో బిగుసుకున్నా, పిన్నులు పట్టేసినా ఆయిల్ వదిలినంత మాత్రాన చక్రం తిరగదు. తిరిగిందంటే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం. నిపిల్ బిగించి మళ్లీ తొక్కించి, ఈసారి మీకు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ (గొట్టం) మొదట్లో, ఇనుప పైపు వచ్చి కలిసే జాయింటును వదులు చేశాడు. అక్కడ ఆయిల్ కారింది గానీ చక్రం కదలలేదు. పెడలు తొక్కితే ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్ దోషమైతే ఇక్కడ వదలాలి, అసలు ఆ లైను మీదున్న ఇంకో చక్రమూ పట్టాలి. రెండూ జరగలేదు. ఒత్తిడి మీకూ ఆ జాయింటుకూ మధ్యన, జానెడు హోస్‌లో ఉంది. ఈ విచారణంతా ఒక చాయ్ చల్లారేంత సేపట్లో ముగిసింది.

ఆ హోస్‌ను ఊడదీసి బ్లేడుతో నిలువునా కోసి చూపించాడు. పైన నల్లగా, నిగనిగలాడుతూ, పగులు కూడా లేదు. లోపలి పొర మాత్రం ఉబ్బి, ఒకచోట లేచి, తలుపు రెక్కలా వేలాడుతోంది. నా కాలి బలానికి ఆయిల్ ఆ రెక్కను తోసుకుని మీ దగ్గరికి వచ్చేది. తిరిగి పోవడానికి మీకున్న బలమల్లా పిస్టన్ చుట్టూ ఉన్న ఒక సీలు సాగి వెనక్కి ముడుచుకునే పాటి. అది రెక్కను నెట్టలేదు. రాత్రంతా బొట్టు బొట్టుగా ఊరి, తెల్లారేసరికి ఒత్తిడి దిగిపోయేది. పట్టింది మీరే గానీ, వదలనివ్వనిది మీరు కాదు.

ఇంకొక సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీ మీద శిక్ష అమలు చేసిన ప్రతిసారీ మిమ్మల్ని విప్పి, తీగతో కట్టకుండా, ఆ హోస్‌కే వేలాడదీశాం. మీ బరువంతా దాని మీద పడి లోపలి పొర మరింత చిరిగి ఉంటుందని ఉస్తాదు అనుమానం. అంటే మీ మీద వేసిన దండన వల్ల అసలు దోషికి పదోన్నతి దక్కిందన్న మాట. ఆయిల్ సంగతి కూడా ఒప్పుకుంటాను: గాలిలోని తేమను తాగే ఆ ద్రవాన్ని రెండేళ్లకోసారి మార్చాలని బండి పుస్తకంలో ఉన్నా, నేను ఆ పేజీ దాకా ఎన్నడూ పోలేదు.

కావున మీ మీది అభియోగాలన్నీ ఇందుమూలంగా ఉపసంహరించడమైనది. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవడం మాత్రం వీలు కాదు. మీ స్థానం భర్తీ అయింది, కొత్త హోస్‌తో కొత్తవారు చల్లగా పనిచేస్తున్నారు.

కుడివైపు హోస్‌కూ వయసు అంతేననీ, జత మార్చడమే మంచిదనీ ఉస్తాదు రెండుసార్లు చెప్పాడు. అటునుంచి ఫిర్యాదేమీ రాలేదు కదా అని నేను ఒకటే వేయించాను. వస్తే కుడి క్యాలిపర్ గారికి పంపడానికి నోటీసు సిద్ధంగానే ఉంది. తేదీ ఒక్కటే ఖాళీ వదిలాను.

ఇట్లు,
తమ మాజీ యజమాని