శ్రీబాగ్ ఒడంబడికలో స్పోర్ట్స్ కారు ఊసేదీ?

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో పెద్దలు కూర్చుని సీమకు ఏమేం కావాలో రాసుకున్నారు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం అన్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు ముందు హక్కు అన్నారు. రాజధానో హైకోర్టో ఏదో ఒకటి ఇక్కడ పెట్టాలన్నారు. ఇన్ని రాసినవాళ్లు, కంపెనీ గుర్తింపు ఉన్న స్పోర్ట్స్ కారు సర్వీసు సెంటరు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఎనభై ఏళ్లు దాటాయి. ఈ అన్యాయం మీద ఇంతవరకూ ఏ పార్టీ నోరు మెదపలేదు. కరువు మండలాల జాబితా వస్తూనే ఉంటుంది, అందులో షెడ్డులో నిలబడి నిలబడి టైర్లు చదునెక్కుతున్న పోర్షే కేమన్ స్పోర్ట్స్ కార్ల లెక్క ఎవరూ రాయరు.

దూరాభారం చూడండి. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. కర్నూలు వాళ్లకు హైదరాబాదూ దాదాపు అంతే. కడప వాళ్లు బెంగళూరు పోయినా చెన్నై పోయినా రెండున్నర వందలు దాటాల్సిందే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ పొద్దస్తమానం కొత్త బండ్లు బయటికి పంపుతూనే ఉంటుంది. దాన్ని దాటుకుని, 44వ నంబరు జాతీయ రహదారి మీద, నూనె మార్పించుకోవడానికి పక్క రాష్ట్రం పోవడమంటే పెళ్లివారి ఇంటి ముందు నుంచి ఆకలితో నడిచిపోవడమే. పోనూ రానూ 430 కిలోమీటర్లు వేసుకోండి. లీటరుకు పది చొప్పున 43 లీటర్లు, లీటరు 110 లెక్కన 4,730 రూపాయలు. మరూరు టోలు, బాగేపల్లి టోలు రెండువైపులా వేరే. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగే బండి అందులో ఏడో వంతు సర్వీసుకే తిరుగుతుందన్నమాట. సర్వీసు ఎందుకయ్యా అంటే, తిరిగింది కదా!

ఇక బిల్లు. దీన్ని చదవడానికి సీమవాసికి ప్రత్యేక చదువు అక్కర్లేదు, నీటి పంపకాలు తెలిస్తే చాలు. ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం, నికర జలాలు, మిగులు జలాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఇంజిన్‌లో పోసింది ఏడు లీటర్ల చిల్లర. బిల్లులో వేసింది ఎనిమిది, ఎందుకంటే డబ్బా విప్పాక లీటరు లీటరే. ఆ మిగులు నూనె మీద దిగువవారికి హక్కుందా లేదా అన్నది ఏ ట్రిబ్యునలూ తేల్చలేదు. నిజానికి డబ్బు కట్టింది మనం కాబట్టి అడిగి ఇంటికి తెచ్చుకోవచ్చు. దారిలో నూనె తక్కువైందని మీటరు చూపిస్తే, సరిగ్గా అదే గ్రేడు నూనె గుత్తి దగ్గరి బంకులో దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు.

కూలి సంగతి ఇంకా గంభీరం. గంటల లెక్క గడియారం చూసి వేయరు, పుస్తకం చూసి వేస్తారు. ఫలానా పనికి ఇన్ని గంటలని కంపెనీ రాసిపెట్టి ఉంటుంది. పనివాడు అరగంటలో ముగించినా, మధ్యలో టీ తాగొచ్చినా పుస్తకంలో గంటలే బిల్లెక్కుతాయి. అందులో తప్పేమీ లేదు, మన పురోహితులూ ముహూర్తం పుస్తకంలోనే చూస్తారు. తప్పు జరిగేది రెండు పనులు ఒకేసారి చేయించినప్పుడు. బ్రేకు ప్యాడ్లకూ చక్రాలు విప్పాలి, బ్రేక్ ఆయిల్ మార్చడానికీ చక్రాలు విప్పాలి. విప్పేది ఒక్కసారి, గంటలు మాత్రం రెండు పద్దుల్లో ఉండే అవకాశం ఉంది. ‘చక్రాలు విప్పిన టైము ఒకసారే వేయండి సార్’ అని ముందే అనండి. షోరూంలో బిల్లు రాసే సర్వీసు సలహాదారు ముఖంలో కనిపించే గౌరవం ఏసీ గదిలో ఇచ్చిన కాఫీ కన్నా వెచ్చగా ఉంటుంది. ‘ఇంజిన్ ఫ్లష్’, ‘ఏసీ శుద్ధి’, ‘ఇంధన వ్యవస్థ శుభ్రత’ అనే మూడు పద్దులు వస్తే, బండితో వచ్చిన పుస్తకంలో సర్వీసు పట్టిక తీసి అవి ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి. ఆపైన కూలి మీద 18 శాతం జీఎస్టీ. అది మాత్రం ఎవరి ముఖం చూసీ తగ్గదు.

ఈ దోపిడీ చాలక స్వయం ప్రతిపత్తి కోరేవాళ్లూ మనలో ఉన్నారు. ‘మన పని మనమే చేసుకుందాం’ అంటారు. మంచిదే. ముందు బండిని పైకి లేపాలి. మామూలు జాకీ దాని కిందికి దూరదు, తక్కువ ఎత్తు ట్రాలీ జాకీ కావాలి. నాలుగు స్టాండ్లు కావాలి. జాకీ మీదే నిలబెట్టి కింద దూరేవాడికి ఇన్సూరెన్సు పత్రాలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు చెప్పి దూరడం మర్యాద. అన్నింటికన్నా పెద్ద గండం మన వాకిలి. కడప బండలో తాడిపత్రి బండలో ఇసుక మీద పరిచి ఉంటాయి. బండకింద ఎక్కడ గుల్ల ఉందో పరిచిన మేస్త్రీకే తెలియదు. 1,300 కిలోలకు పైబడిన కారు బరువు నాలుగు సన్నకాళ్ల స్టాండ్ల మీద పడితే, ఆ గుల్ల ఎక్కడుందో బండే ‘టప్’మని చెబుతుంది. ప్రతి స్టాండు కిందా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, అడుగుకు అడుగు, తప్పక వేయాలి. ఆటోమొబైల్ ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఈ అధ్యాయం ఉండదు, ఎందుకంటే అవి రాసినవాళ్లు సిమెంటు నేల మీద పెరిగినవాళ్లు.

981 తరం పోర్షే కేమన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఆటోనగర్‌లో అనుభవమున్న మేస్త్రీ ముందు బానెట్ తెరుస్తాడు, డిక్కీ కనిపిస్తుంది. వెనక్కి పోయి డిక్కీ తెరుస్తాడు, అక్కడా డిక్కీయే. ‘ఇంజినేదప్పా?’ అనే ఆయన ప్రశ్నకు పోర్షే ఇచ్చే జవాబు: నీకు చూపించేది కాదు. ఇంజిన్ సీట్ల వెనక నడుమలో దాక్కుని ఉంటుంది. వెనక డిక్కీలో రెండే మూతలు, ఒకటి నూనెకు, ఒకటి కూలెంటుకు. నూనె చూసే కడ్డీ కూడా లేదు. మట్టం మీటరులో తెర మీద చూడాలి. అంటే గుడిలోకి రానివ్వరు గానీ హుండీ మాత్రం బయటే పెట్టారు.

నూనె మార్చే పని మాత్రం నిజంగా కష్టం కాదు. ఇంజిన్ పది నిమిషాలు తిప్పి వెచ్చబెట్టాలి, నూనె పలచబడి మడ్డితో సహా దిగుతుంది. చెయ్యి కాలేంత వేడి అక్కర్లేదు. పైన నూనె మూత వదులు చేసి, పది లీటర్లు పట్టే పళ్లెం కింద పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాలి. ఐదు లీటర్ల పెయింటు డబ్బా సరిపోతుందనుకున్నవాళ్ల వాకిట్లో ఆ సంగతి ఏళ్ల తరబడి మరకగా చదువుకోవచ్చు. పావుగంట ఓపిక పట్టాలి. బోల్టుకు కొత్త వాషరు తప్పనిసరి. అది నలిగి సందు మూసే రకం, ఒకసారి నలిగింది మళ్లీ నలగదు. పాతదే తిప్పి వేసే పొదుపరి వాషరు మీద మిగిల్చుకుని లీటరు వెయ్యికి పైబడిన నూనెతో తీర్చుకుంటాడు. బోల్టు బిగింపు 50 న్యూటన్ మీటర్లు. ఫిల్టరు డబ్బా ప్లాస్టిక్‌ది, దానికి 25 మాత్రమే, కొత్త రబ్బరు రింగుకు వేలితో నూనె రాసి ఎక్కించాలి. చక్రాల బోల్టులకు 160. ఈ మూడు అంకెలూ బిగింపు కొలిచే టార్క్ రెంచి చెప్పాల్సినవి. ‘మన చెయ్యే రెంచి’ అనే సిద్ధాంతం లారీ చక్రాల మీద పుట్టింది, ప్లాస్టిక్ డబ్బా మీద పగులుతుంది.

పోసేటప్పుడు పుస్తకంలో చెప్పినదానికి అర లీటరు తక్కువే పోయండి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక తెర మీద మట్టం చూసి మిగతాది కొంచెం కొంచెంగా కలపండి. ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు బలం అనుకునే పెద్దమనిషి తత్వం ఇక్కడ పనికిరాదు. ఎక్కువైన నూనె ఆవిరి గొట్టాల్లోకి ఎక్కి, తెల్లపొగగా సైలెన్సరులోంచి దిగుతుంది. దోమల మందు బండి వచ్చిందని వీధి పిల్లలు వెంటపడతారు. పాత నూనెను తలుపులకు చెద పట్టకుండా పూయడం మన దగ్గర పాత అలవాటే, కానీ అది చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం. మూత బిగించి, వాడిన నూనె కొనేవాళ్లకే ఇవ్వాలి. వంకలో పోస్తే అది మళ్లీ మన బోరులోకే వస్తుంది. మన బోరులో నీళ్లుంటే.

రేడియేటర్ల మీద ఒక శ్వేతపత్రం అవసరం. ఈ బండికి అవి ముందు బంపరు రెండు మూలల్లో, నోరు తెరుచుకుని ఉంటాయి. జర్మనీలో వాటిలోకి మేపుల్ ఆకులు పోతాయట, పోనీ. మనకు వేపాకు, శనక్కాయ పొట్టు, క్యారీబ్యాగులు. లోపల చేరిన చెత్త మీద దుమ్ము, దుమ్ము మీద నాలుగు చినుకులు పడితే గట్టి అట్ట కడుతుంది. మే నెలలో ఎండ 42 దగ్గరుండగా ఏసీ చల్లదనం తగ్గి, ట్రాఫిక్‌లో వేడి ముల్లు లేస్తే ముందు చూడాల్సింది గ్యాసు కాదు, ఈ చెత్తే. తడి చెత్త ఏసీ కండెన్సరును తినేస్తుంది కూడా. బంపరు విప్పి శుభ్రం చేయడం షోరూంలో గంటల పని. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనరు గొట్టానికి సన్నటి పైపు చుట్టి, జాలీ సందుల్లోంచి లాగితే చాలావరకు వస్తుంది. ప్రెషరు నీళ్లు దగ్గరనుంచి కొట్టకూడదు, సన్న రేకులు వంగిపోతాయి. ఇంజిన్ గాలి ఫిల్టరు గడువు కూడా ఊరి దుమ్మును బట్టే. పుస్తకంలో రాసిన గడువు నున్నటి రోడ్లవాళ్లకు. శనక్కాయ పీకే రోజుల్లో పల్లెల్లో తిరిగే బండికి దాన్ని సగం చేయడంలో అతి ఏమీ లేదు.

బ్రేక్ ఆయిల్ విషయంలో ఒక దేశీయ వాదం ఉంది: ‘అది గాలిలో తేమ పీలుస్తుంది కాబట్టి రెండేళ్లకు మార్చాలంటారు, అనంతపురంలో తేమెక్కడ?’ వినడానికి బాగుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరి గాలిలోనూ డాట్ 4 రకం బ్రేక్ నూనెకు సరిపడా తేమ ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడని నూనె, తేమ పీల్చాక 155 దగ్గరే మరగవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది, పెడలు నేలదాకా పోతుంది, బండి పోతూనే ఉంటుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెడితే డబ్బాలోని నూనె పొంగి రంగు మీద పడుతుంది. పడిన చోట రంగు లేస్తుంది. ముందే కొంత తీసేసి, పక్కన తడిబట్ట ఉంచుకోవాలి. ఇక ‘డాట్ 5 అంటే నాలుగు కన్నా పెద్దదే కదా’ అని అదే పోసేవాళ్లకు దండం. అది సిలికాన్, దీనితో కలవదు.

నిలబడిన బండికి బ్యాటరీయే మొదటి జబ్బు. కేమన్‌లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ తెరవడానికి కరెంటు కావాలి. కరెంటు బ్యాటరీ ఇవ్వాలి. బ్యాటరీ చచ్చింది కాబట్టే డిక్కీ తెరవాలి. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న మాటకు ఇంతకన్నా ఖరీదైన రుజువు ప్రపంచంలో లేదు. విరుగుడు ఉంది: కాళ్ల దగ్గరి ఫ్యూజుల పెట్టెలోంచి ఒక ఎర్ర కొస బయటికి లాగి, వేరే బ్యాటరీ ప్లస్ తీగ దానికీ, మైనస్ తలుపు తాళం కొక్కీ వంటి ఒట్టి లోహానికీ తగిలిస్తే డిక్కీ తెరుచుకుంటుంది. అయితే ఫ్యూజుల పెట్టె మూత కారు లోపల ఉంటుంది కాబట్టి, చచ్చేలోపే ఒక చార్జరు తగిలించి పెట్టుకోవడం తెలివి. కరెంటు కోత ఉన్న రోజు అది కూడా మన చేతిలో లేదు.

లెక్క తేల్చమంటే తేలుస్తాను. జాకీ, స్టాండ్లు, రెండు టార్క్ రెంచిలు, పళ్లెం, ఫిల్టరు డబ్బా విప్పే కప్పు, సర్వీసు గుర్తును చెరిపే స్కానరు, ఇవన్నీ కొన్న ఏడాది షోరూం బిల్లుకూ మన ఖర్చుకూ పెద్ద తేడా ఉండదు. రెండో ఏడాది నుంచి నూనె, ఫిల్టరు, వాషరు, ఒక ఆదివారం మాత్రమే. ఫిల్టరు తయారుచేసే కంపెనీయే గుర్రం బొమ్మ లేని డబ్బాలో అదే సరుకు అమ్ముతుంది, బొమ్మ ఖరీదు మిగులుతుంది. వారంటీ భయం చూపించేవారికి ఒక చిన్న చరిత్ర. విడిభాగాలు బయట దొరకనివ్వకుండా చేశారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదనీ చెప్పింది. ఆ తర్వాత కథ అప్పీళ్ల దారి పట్టింది, మన హంద్రీ-నీవా కాలువ కన్నా కొంచెం వేగంగా. కాబట్టి వారంటీ ఉన్నంతకాలం షోరూంకే పోవడం ప్రశాంతం. ఎయిర్‌బ్యాగులు, గేరుబాక్సు సాఫ్టువేరు, కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా చేసే పనులు ఎప్పటికీ వాళ్లకే వదిలేయాలి. ఇంట్లో చేసిన ప్రతి పనికీ తేదీ, కిలోమీటర్లు, నూనె బిల్లు, ఫిల్టరు డబ్బా ఫోటో దాచాలి. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది మన నిజాయితీని కాదు, కాగితాన్ని.

ఇక మన డిమాండ్లు. సీమ నడిబొడ్డున ఒక సర్వీసు సెంటరు. అంతవరకూ మధ్యంతర ఏర్పాటుగా బెంగళూరు నుంచి అనంతపురానికి 0డబ్ల్యు-40 గ్రేడు ఇంజిన్ నూనె గొట్టం, ఎత్తిపోతల పథకం కింద. ప్రతి ఇంటికీ నాలుగు ప్లైవుడ్ ముక్కలు, సబ్సిడీ మీద. అర్జీ సిద్ధంగా ఉంది, సోమవారం కలెక్టరేటులో ఇవ్వాలి. అందరూ రండి, కానీ ఆటోల్లో రండి. దారిలో ఏ స్పీడ్ బ్రేకరుకో బండి కింది కవరు తగిలి రెండు స్క్రూలు ఊడాయంటే, అవి మళ్లీ బెంగళూరు నుంచే రావాలి.