ఒక్క మోచి కోసం క్యూలో నిలబడాలా?

(ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మరిది, సెలవులకు వచ్చిన వదిన. రేపు క్యోటోలో మోచి, అంటే జిగురు బియ్యం దంచి చేసే జపాన్ ముద్ద, ఎక్కడ తినాలన్నది తగవు.)

వదిన: దెమాచి ఫుతాబాకే వెళ్దాం. 1899 నుంచి నడుస్తున్న దుకాణం.

మరిది: అక్కడ ఎప్పుడు చూసినా క్యూనే వదినా. కూర్చోవడానికి బల్ల కూడా ఉండదు. మోచి మన వీధి చివర దుకాణంలోనూ దొరుకుతుంది, అర్ధరాత్రి వెళ్లినా.

వదిన: ఆ ప్లాస్టిక్ పొట్లంలోది నిన్న తిన్నాను. మెత్తగానే ఉంది, కాదనను. అన్నాళ్లు మెత్తగా ఎలా ఉంటుందనేదే నా అనుమానం.

మరిది: చక్కెర ఎక్కువ వేస్తారు, కొన్నిటిలో ఎంజైములూ కలుపుతారు. అయినా సంక్రాంతి అరిసెలు పదిహేను రోజులు దాచుకుని తినేవాళ్లం మనం. అప్పుడు గుర్తురాని తాజాదనం ఇప్పుడెందుకు?

వదిన: అరిసెకు బెల్లం పాకం, నూనె కాపలా. మోచికి ఆ అండ లేదు. జిగురు బియ్యాన్ని ఆవిరిమీద ఉడికించి ఆ అన్నాన్నే దంచుతారు. అందులోని పిండిపదార్థం దాదాపు అంతా అమైలోపెక్టిన్ అనే జిగట రకం. వేడిమీద సాగుతుంది, చల్లారాక గంటలు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే మరీ త్వరగా. అందుకే ఫుతాబావాళ్లు ఆ రోజే తినేయమంటారు. గడువు పెంచడానికి చక్కెర దట్టిస్తే నోటికి తగిలేది చక్కెరే. ఫుతాబా మమె మోచిలో ఉప్పు పట్టిన ఎర్ర బఠానీలు పైకి కనిపిస్తుంటాయి, లోపల నున్నగా నూరిన అజుకి అనే ఎర్ర గింజల తీపి ముద్ద. ఆ ఉప్పు లేకపోతే ఆ తీపికి అంత పేరు వచ్చేది కాదు.

మరిది: తాజాదే కావాలంటే ఇమామియా గుడి దగ్గర ఇచివా ఉందిగా! క్రీ.శ. 1000లో మొదలైందని చెబుతారు. బొటనవేలంత ముద్దలకు సోయా పిండి అద్ది, వెదురు పుల్లలకు గుచ్చి, బొగ్గులమీద కాల్చి, తెల్ల మిసోతో, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో, చేసిన తీపి రసం పోసి ఇస్తారు. కూర్చోబెట్టి టీ కూడా పోస్తారు.

వదిన: ఎదురుగా కజారియా ఉంది, అక్కడా అదే వంటకం. ఏ పక్క కూర్చోవాలా అని ఇంకో తగవు. పైగా బొగ్గు వాసన, మిసో కలిశాక బియ్యం రుచి ఏమి తెలుస్తుంది?

మరిది: మీరు ఫుతాబాలో కొన్నది కమో నది ఒడ్డున కూర్చుని తింటారు. అక్కడ గద్దలుంటాయి. తన్నుకుపోవడమంటే ఏమిటో కళ్లారా చూస్తారు. జాగ్రత్త అని బోర్డులే పెట్టారు.

వదిన: చెట్టు కింద తింటాను.

మరిది: సరే, ఇది వినండి. పండగకో పూజకో నాలుగు మోచీలు కొనుక్కునే ఆ పేట పెద్దవాళ్లు మనలాంటి యాత్రికుల వెనక నిలబడాల్సి వస్తోంది. అది న్యాయమేనా?

వదిన: (కాసేపు ఆగి) కాదు. దానికి నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే, 8:30కి తెరవకముందే వెళ్లి, తలా ఒకటి కొనుక్కుని వచ్చేద్దాం. పెట్టెలకు పెట్టెలు వద్దు.

మరిది: రేపు మంగళవారం. ఫుతాబాకు సెలవు.

వదిన: ఆ మాట మొదటే చెప్పకూడదా!

మరిది: ఇచివాకు ఒప్పుకుంటారేమోనని చూశాను.

వదిన: అయితే బుధవారం వెళ్దాం.

మరిది: బుధవారం ఇచివా మూత.

వదిన: మరీ మంచిది.